బాయ్‌నెట్ తగిలించుకునే కాల్చేవాళ్లా? సినిమాల్లో చూసేది ఎంతవరకు నిజం? గిద్దలూరు కొండల నుంచి వాటర్లూ దాకా అసలు లెక్క ఇదీ!

చారిత్రక సినిమా ఏదైనా తీసుకోండి. ఎర్ర కోటు వేసుకున్న కంపెనీ సిపాయి కనిపించాడంటే అతని తుపాకీ చివర పొడవాటి కత్తి మెరుస్తూ ఉండాల్సిందే. వరుసలో నిలబడినా అంతే, అడవిలో నక్కినా అంతే, చెట్టు చాటు నుంచి గురి చూసినా అంతే. ఆ కత్తి మాత్రం తుపాకీ నుంచి ఊడదు. 2019లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథతో సినిమా వచ్చాక ఆ కాలం యుద్ధాల మీద మనవాళ్లకు ఆసక్తి ఇంకా పెరిగింది. ముండ్లమూరు నుంచి దర్శి, పొదిలి, మార్కాపురం, కంభం మీదుగా గిద్దలూరు వైపు వెళ్తే ఆ కథ నడిచిన నేలే వస్తుంది.

మరి నిజంగా అప్పటి సైనికులు ఎప్పుడూ తుపాకీకి బాయ్‌నెట్ తగిలించుకునే పోరాడేవాళ్లా? ముఖ్యంగా సైన్యానికి ముందు వెళ్లి చాటు నుంచి కాల్చే సైనికులు కూడా అలాగే చేసేవాళ్లా?

షార్ట్‌గా చెప్పాలంటే.. వరుసలో నిలబడే సైనికుడి తుపాకీకి బాయ్‌నెట్ దాదాపు ఎప్పుడూ ఉండేది. ముందుకెళ్లి చాటు నుంచి కాల్చేవాడు మాత్రం చాలాసార్లు దాన్ని ఒరలోనే ఉంచేవాడు. అవసరం పడిన క్షణంలో తీసి తగిలించేవాడు. ఆ క్షణం ఎప్పుడొస్తుందో కనిపెట్టడంలోనే అతని ప్రాణం ఉండేది. ఎందుకో వివరంగా చూద్దాం.

అసలు స్కిర్మిషర్ అంటే ఎవరు?

నెపోలియన్ కాలం అంటే సుమారుగా 1799 నుంచి 1815 వరకు. అప్పటి యుద్ధంలో పదాతిదళం భుజం భుజం ఆనించి రెండు లేదా మూడు వరుసల్లో నిలబడేది. ఆఫీసర్ ఆర్డర్ ఇస్తే అందరూ ఒకేసారి కాల్చేవాళ్లు. విడిగా గురి చూడటం కంటే, అందరూ కలిసి గుళ్ల వాన కురిపించడమే ముఖ్యం.

ఈ వరుసకు ముందు కొంతమంది చెదురుగా వెళ్లేవాళ్లు. మనిషికీ మనిషికీ మధ్య ఎడం ఉండేది. చెట్టు, పుట్ట, గట్టు, గోడ.. ఏది దొరికితే దాని చాటున చేరి, శత్రువు ఆఫీసర్లను, ఫిరంగుల దగ్గర పనిచేసేవాళ్లను గురి చూసి కాల్చేవాళ్లు. వీళ్లే స్కిర్మిషర్లు. ఫ్రెంచ్ సైన్యంలో ఈ పని చేసే ప్రత్యేక కంపెనీలను వోల్టిజర్లు అనేవాళ్లు. వాటిని 1804 నుంచి ఏర్పాటు చేశారు. బ్రిటిష్ సైన్యంలో, మన మద్రాస్ సైన్యంలో లైట్ ఇన్‌ఫాంట్రీ, రైఫిల్ దళాలు ఈ పని చేసేవి.

బాయ్‌నెట్ అంటే తుపాకీ మూతికి తగిలించే కత్తి. హిందీ, ఉర్దూల్లో దీన్నే సంగీన్ అంటారు. మొదట్లో, అంటే 17వ శతాబ్దంలో, దీని పిడిని తుపాకీ గొట్టంలోకే దూర్చేవాళ్లు. దూర్చారంటే ఇక కాల్చడం కుదరదు. 1689 జూలైలో స్కాట్లాండ్‌లోని కిల్లీక్రాంకీ దగ్గర ఈ లోపం ప్రభుత్వ సైన్యం కొంప ముంచింది. సైనికులు తుపాకీలు కాల్చేసి బాయ్‌నెట్లు దూర్చుకునేలోపే కొండ మీద నుంచి కత్తులతో వచ్చిన హైలాండర్లు మీద పడ్డారు. తర్వాత గొట్టం బయట తొడిగే బాయ్‌నెట్ వచ్చింది. ఉంగరంలా తొడిగి తిప్పితే బిగుసుకుంటుంది. బ్లేడు గొట్టానికి కాస్త పక్కకు ఉంటుంది కాబట్టి కత్తి ఉండగానే కాల్చొచ్చు, మళ్లీ నింపొచ్చు కూడా.

మరి సమస్య ఎక్కడ? ఇక్కడే అసలు పాయింట్ ఉంది.

మందు దట్టించే చేతికే గండం

ఇప్పటి తుపాకీలా అప్పటిదానికి మ్యాగజైన్ లేదు. ఒక్కో గుండుకు ఒక్కోసారి మూతి నుంచే నింపాలి. సిపాయి ముందు కాగితం తూటాను పళ్లతో కొరకాలి. చెకుముకి రాయి కింద ఉండే చిన్న పళ్లెంలో కొంచెం మందు పోసి మూత వేయాలి. తుపాకీని నిలబెట్టి మిగతా మందు గొట్టంలో పోయాలి. గుండు, కాగితం వేయాలి. ఇనుప కడ్డీ లాగి, లోపలికి దట్టించి, మళ్లీ కడ్డీని దాని చోట పెట్టాలి. అప్పుడు గురి, ఆ తర్వాత కాల్పు. బాగా ట్రైనింగ్ ఉన్నవాడు నిమిషానికి మూడుసార్లు కాల్చగలిగేవాడు. యుద్ధం గందరగోళంలో అదీ కష్టమే.

ఇప్పుడు ఆ మూతి పక్కనే సుమారు 43 సెంటీమీటర్ల మూడంచుల ఇనుప ములికి ఉందనుకోండి. కడ్డీ పైకి లాగినప్పుడు, లోపలికి దట్టించినప్పుడు చెయ్యి దాని పక్క నుంచే పోవాలి. తొందరలో ముంజేయి చీరుకుపోవడం పెద్ద విషయం కాదు. వరుసలో నిలబడ్డవాడికి తుపాకీ నిటారుగా ఉంటుంది, డ్రిల్ అలవాటు ఉంటుంది కాబట్టి కొంత నయం. రాయి చాటున మోకాళ్ల మీద కూర్చుని, తల ఎత్తితే గుండు తగులుతుందనే భయంతో నింపేవాడికి మాత్రం ఆ కత్తి పెద్ద అడ్డంకి.

రెండో సమస్య బరువు. కంపెనీ సిపాయి చేతిలో ఉండే మస్కెట్ నాలుగు కిలోలకు పైనే. దానికి మూతి దగ్గర బాయ్‌నెట్ బరువు కూడా తోడైతే తుపాకీ ముందుకు తూగుతుంది. గురి కాస్త కిందికి జారుతుంది, చెయ్యి వణుకుతుంది. వంద గజాలు దాటితే అసలే నమ్మకం లేని తుపాకీ అది. గురి చూసి కొట్టడమే పనిగా పెట్టుకున్నవాడికి ఈ తేడా చిన్నది కాదు.

మూడోది పొడవు. బాయ్‌నెట్‌తో కలిపితే మస్కెట్ దాదాపు ఆరు అడుగులు అవుతుంది. నల్లమల లాంటి చోట వెదురు పొదల్లో ఆరడుగుల ఇనుప మొన పట్టుకుని వంగి పరిగెత్తడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ప్రతి కొమ్మకూ తగులుతుంది. పైగా ఎండలో తళుక్కుమంటే చాటున ఎవరున్నారో శత్రువుకు చెప్పేసినట్టే.

రూల్ బుక్ ఏం చెప్పిందంటే..

ఇదంతా మన ఊహ కాదు. అప్పటి సైన్యాల రూల్ బుక్‌లోనే ఈ సంగతి ఉంది. బ్రిటిష్ సైన్యం కోసం డేవిడ్ డండాస్ తయారుచేసిన డ్రిల్ నిబంధనలు 1792లో వచ్చాయి. అందులో లైట్ కంపెనీలు మామూలుగా బాయ్‌నెట్ తగిలించుకునే ఉండాలని చెప్పారు. అదే చోట ఒక మినహాయింపు కూడా ఇచ్చారు. పక్కల కాపలా కాసేవాళ్లు, ముందుకెళ్లే చిన్న జట్లు బాయ్‌నెట్ లేకుండా తుపాకీని చేత్తో వేలాడదీసి పట్టుకోవచ్చని రాశారు. కారణం కూడా అక్కడే ఉంది. నిదానంగా, తొందర లేకుండా గురి చూసుకోవడానికట!

అంటే జనం ఇప్పుడు అడిగే ప్రశ్నకు 230 ఏళ్ల కిందటే సగం జవాబు దొరికింది. బాయ్‌నెట్ ఉంటే గురి దెబ్బతింటుందని సైన్యమే ఒప్పుకుంది. అయితే మినహాయింపును మినహాయింపుగానే ఉంచింది. అందరూ తీసేయండి అనలేదు.

1798లో ఫ్రాన్సిస్ డి రోటెన్‌బర్గ్ రైఫిల్, లైట్ ఇన్‌ఫాంట్రీ దళాల కోసం రాసిన నిబంధనలు వచ్చాయి. అందులో జంట పద్ధతి ఉంది. స్కిర్మిషర్లు ఎప్పుడూ ఇద్దరిద్దరుగా పనిచేయాలి. ఒకరు కాలిస్తే రెండోవాడి తుపాకీలో గుండు సిద్ధంగా ఉండాలి. ఇద్దరి తుపాకులూ ఒకేసారి ఖాళీ కాకూడదు. మొదటివాడు మళ్లీ నింపాకే రెండోవాడు కాల్చాలి.

ఈ రూల్ ఎందుకంత ముఖ్యం? బాయ్‌నెట్ లేని లోటును ఇదే తీర్చేది. మీదకు ఎవడైనా దూసుకొస్తే కత్తి లేకపోయినా, పక్కవాడి తుపాకీలో ఒక గుండు ఉంటుంది. స్కిర్మిషర్‌కు అసలు రక్షణ తోటివాడే.

కత్తి కావాలి, కానీ తగిలించుకోం!

1800లో బ్రిటిష్ సైన్యం బేకర్ రైఫిల్ తీసుకుంది. గొట్టం లోపల మరలు తిరిగిన గాడులు ఉండటంతో గుండు తిరుగుతూ నేరుగా వెళ్లేది. మామూలు మస్కెట్ వంద గజాల దగ్గరే తడబడితే, దీంతో రెండు వందల గజాల దూరంలో ఉన్న మనిషిని కొట్టే అవకాశం ఉండేది. కానీ గొట్టం పొట్టి. మస్కెట్ గొట్టం 39 అంగుళాలైతే దీనిది 30 అంగుళాలే. గుర్రం మీద వచ్చేవాణ్ణి ఆపాలంటే ఆ పొడవు చాలదు. అందుకే దీనికి దాదాపు రెండు అడుగుల కత్తిలాంటి బాయ్‌నెట్ ఇచ్చారు. అందుకే బ్రిటన్ రైఫిల్ దళాల్లో బాయ్‌నెట్‌ను ఇప్పటికీ ‘కత్తి’ అనే అంటారు.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే.. అంత పెద్ద కత్తిని రైఫిల్‌కు తగిలించుకుని గురి చూడటం ఎవరికీ ఇష్టం ఉండదు. ముందు భాగం బాగా బరువెక్కుతుంది. అందుకే మామూలుగా అది నడుముకు, ఒరలోనే ఉండేది. పట్టుకుంటే చిన్న కత్తిలా కూడా వాడుకోవచ్చు. ‘కత్తులు తగిలించండి’ అని ఆర్డర్ వస్తేనే రైఫిల్ మీదకు ఎక్కేది. అప్పుడు విషయం సీరియస్ అయిందని అందరికీ అర్థమయ్యేది.

ఇక ఒక సైన్యం అలవాటు ఇంకో సైన్యానికి అంటగట్టలేం. ఫ్రెంచ్ పదాతిదళం డ్రిల్ అంతా బాయ్‌నెట్ తగిలించిన తుపాకీతోనే సాగేది. వాళ్ల వోల్టిజర్లకు కూడా బాయ్‌నెట్ ఉండేది. ఆ కాలం బొమ్మల్లో చూస్తే బాయ్‌నెట్‌తో ఉన్న స్కిర్మిషర్లూ కనిపిస్తారు, లేకుండా ఉన్నవాళ్లూ కనిపిస్తారు. అందుకే ‘ఎప్పుడూ ఉండేది’ అన్నా తప్పే, ‘అసలు ఉండేది కాదు’ అన్నా తప్పే.

గుర్రం వస్తే లెక్క మారిపోతుంది

మరి అంత ఇబ్బంది అయితే స్కిర్మిషర్‌కు బాయ్‌నెట్ ఎందుకు? దీనికి ఒక్కటే పెద్ద జవాబు.. గుర్రం.

చెదురుగా ఉన్న సైనికుడికి అశ్వికదళం అంటే యముడే. తుపాకీలో ఉన్న ఒక్క గుండు కాల్చేశాక మళ్లీ నింపడానికి ఇరవై సెకన్లు పట్టిందనుకుందాం. దౌడు తీసే గుర్రం ఆ ఇరవై సెకన్లలో వంద గజాల దూరాన్ని తేలిగ్గా దాటేస్తుంది. అందుకే గుర్రాలు కనిపించగానే స్కిర్మిషర్లకు రెండే దారులు. వెనక ఉన్న మెయిన్ దళం దగ్గరకు పరిగెత్తాలి. లేదంటే ఉన్నచోటే గుంపుగా చేరి, బాయ్‌నెట్లు బయటకు చాచి ముళ్లపంది లాగా నిలబడాలి. గుర్రాలు ఆ ముళ్ల మీదకు దూకడానికి వెనకాడతాయి. 1815 జూన్ 18న వాటర్లూలో బ్రిటిష్ దళాలు చతురస్రాలుగా నిలబడి ఫ్రెంచ్ అశ్వికదళాన్ని అడ్డుకున్నది ఈ పద్ధతిలోనే.

మన దేశంలోనూ దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించిన ఆర్థర్ వెల్లెస్లీ (తర్వాత డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్) అంతకు పన్నెండేళ్ల ముందు, 1803 సెప్టెంబర్ 23న, ఇప్పటి మహారాష్ట్రలోని అస్సాయే దగ్గర మరాఠా సైన్యంతో పోరాడాడు. అతని దళంలో మద్రాస్ సిపాయిల బెటాలియన్లు ఐదు ఉన్నాయి. మెయిన్ లైన్ బాయ్‌నెట్లతో మరాఠా ఫిరంగుల మీదకు వెళ్లింది. కానీ కుడివైపు ముందు నడిచిన పికెట్ల జట్టు, వాళ్ల వెనకే 74వ స్కాటిష్ రెజిమెంట్ దారి తప్పి అస్సాయే ఊరికి మరీ దగ్గరగా వెళ్లిపోయాయి. ఊళ్లో నుంచి కాల్పులు, ఫిరంగి దెబ్బలకు వరుస చెదిరింది. అదను చూసి మరాఠా అశ్వికదళం మీద పడింది. మిగిలినవాళ్లు ఎలాగోలా చతురస్రంగా చేరి నిలబడ్డారు. 19వ డ్రాగూన్లు, మద్రాస్ అశ్వికదళం వచ్చేదాకా ప్రాణాలు నిలుపుకున్నారు. ఆ రెజిమెంట్‌కు జరిగిన నష్టం మామూలుది కాదు.

వరుస చెదిరితే ఏమవుతుందో అస్సాయే చూపించింది. ఒరలో ఉన్న కత్తిని సమయానికి తీయాలి, సమయానికి గుంపు కట్టాలి. ఆ రెండూ ఆలస్యమైతే గురి ఎంత బాగున్నా లాభం లేదు.

ఆ సిపాయిల్లో మనవాళ్లెందరో!

ఈ కథంతా ఎక్కడో యూరప్‌ది అనుకుంటే పొరపాటే. ఆ తుపాకీ పట్టిన చేతుల్లో తెలుగు చేతులు చాలా ఉన్నాయి.

మద్రాస్ సైన్యంలో తెలుగువాళ్ల సంఖ్య ఎంత పెద్దదంటే, ఉత్తరాదిలో కంపెనీ సిపాయినే ‘తిలంగా’ అనేవాళ్లు. 1757 నాటికి క్లైవ్ వెంట బెంగాల్ వెళ్లిన మద్రాస్ సిపాయిల నుంచి ఆ పేరు అక్కడ పాతుకుపోయింది. తర్వాత ఎవరు యూనిఫాం వేసుకున్నా, ఏ ప్రాంతం వాడైనా తిలంగానే!

మద్రాస్ సైన్యంలో కొన్ని బెటాలియన్లను 1811-12 ప్రాంతంలో లైట్ ఇన్‌ఫాంట్రీగా మార్చారు. పాలంకోట, తిరుచిరాపల్లి పేర్లతో పాటు ఒక తెలుగు పేరు కూడా ఆ లిస్టులో ఉంది.. చికాకోల్ లైట్ ఇన్‌ఫాంట్రీ. చికాకోల్ అంటే మన శ్రీకాకుళమే. తర్వాత ఇది మద్రాస్ సైన్యంలో 34వ రెజిమెంట్‌గా పేరు పొందింది. చెదురుగా ముందుకెళ్లి కాల్చడం నేర్పిన దళానికి తెలుగు ఊరి పేరు ఉందన్నమాట.

ఇంకో సంగతి. వీళ్ల చేతిలో ఉండే ‘ఇండియా ప్యాటర్న్’ మస్కెట్‌ను మొదట ఈస్టిండియా కంపెనీయే తన సైన్యం కోసం చేయించుకుంది. ఫ్రాన్స్‌తో యుద్ధం మొదలై తుపాకులు చాలకపోవడంతో బ్రిటిష్ ప్రభుత్వం కంపెనీ తుపాకులను కొనుక్కుంది. 1797లో తన సైన్యానికీ అదే మోడల్ ఖరారు చేసింది. నెపోలియన్ మీదకు వెళ్లిన బ్రిటిష్ సైనికుడి చేతిలో ఉన్నదీ, మన సిపాయి భుజం మీద ఉన్నదీ ఒకే తుపాకీ.

మహిద్‌పూర్: ముందు చాటు, తర్వాత కత్తి

ఒకే దళం ఒకే రోజు రెండు రకాలుగా ఎలా పోరాడుతుందో తెలియాలంటే మహిద్‌పూర్ చూడాలి. ఇది ఇప్పటి మధ్యప్రదేశ్‌లో, ఉజ్జయిని జిల్లాలో శిప్రా నది ఒడ్డున ఉంది. 1817 డిసెంబర్ 21న ఇక్కడ హోల్కర్ సైన్యానికీ, థామస్ హిస్లాప్ నడిపిన కంపెనీ సైన్యానికీ మధ్య యుద్ధం జరిగింది. అందులో మద్రాస్ రైఫిల్ కోర్, పాలంకోట లైట్ ఇన్‌ఫాంట్రీ, తిరుచిరాపల్లి లైట్ ఇన్‌ఫాంట్రీ ఉన్నాయి.

ఈ తేలిక దళాలు ముందుగా నది దాటాయి. ఎదురుగా హోల్కర్ ఫిరంగులు నిప్పులు కక్కుతుంటే ఒడ్డు పల్లాల చాటున ఆగాయి. వెనక మిగతా సైన్యం దాటేదాకా నిలవడం వాళ్ల పని. అందరూ దాటాక సీన్ మారింది. ఫిరంగులను పట్టుకోవాలంటే మైదానం దాటి నేరుగా వెళ్లాల్సిందే. అప్పుడు పని చేసింది బాయ్‌నెట్టే. ఫిరంగులు చేతికొచ్చాయి కానీ మూల్యం తక్కువేం కాదు. కంపెనీ వైపు చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు కలిపి దాదాపు 780 మంది.

లైట్ ఇన్‌ఫాంట్రీ అంటే ఎప్పుడూ చాటునే ఉంటుందనుకోవడం కూడా తప్పేనని దీన్నిబట్టి అర్థమవుతోంది. మనిషి ఒక్కడే. పొద్దున చాటున ఉండి కాలుస్తాడు, మధ్యాహ్నానికి ఫిరంగి మీదకు దూకుతాడు. మారేది అతని తుపాకీ చివర మాత్రమే.

మన కొండల్లో ఏం జరిగింది?

ఇక గిద్దలూరు, కంభం వైపు వద్దాం. 1800లో నిజాం ఈ ప్రాంతాలను కంపెనీకి అప్పగించాడు. దత్తమండలాలు అంటారు కదా, అవే. కంభం తాలూకా అప్పట్లో కడప జిల్లాలో ఉండేది. థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టర్‌గా వచ్చి పాళెగాళ్ల కోటలు, బలగాలు ఒక్కొక్కటే లాగేసుకున్నాడు. 1801 చివర్లో ఇప్పటి కర్నూలు జిల్లాలోని తెర్నేకల్ ఊరి కోట దగ్గర కంపెనీ సైన్యం మొదటి దాడిలో దెబ్బతిని వెనక్కి తగ్గింది. ఆ తర్వాత మళ్లీ వచ్చి కోటను పట్టుకుంది. యూరప్‌లో నెపోలియన్ కాలం నడుస్తున్న రోజులవి. మట్టి గోడ ఎక్కి లోపలికి దూకే దాడిలో మందు నింపుకునే టైమ్ ఉండదు. అలాంటి చోట బాయ్‌నెట్ ఒరలో ఉండే ప్రశ్నే లేదు.

ఇక 1846. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మనుషులు జూలైలో కోయిలకుంట్ల ఖజానా మీద దాడి చేశారు. కంపెనీ బలగాలు వెంటపడ్డాయి. అదే నెలలో గిద్దలూరు దగ్గర రెండు పక్షాలూ తలపడ్డాయి. ఆ తర్వాత రెడ్డి నల్లమల వైపు వెళ్లాడు. 1846 అక్టోబర్ 6న పేరుసోముల దగ్గర కొండ మీద దొరికిపోయాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీశారు.

అప్పటికి నెపోలియన్ చనిపోయి పాతికేళ్లు. కానీ తుపాకీ మాత్రం ఇంకా మూతి నుంచే నింపాలి, చివర బాయ్‌నెట్ తొడగాలి. అంటే స్కిర్మిషర్ చిక్కు అలాగే ఉంది. రెడ్డి వెంట కట్టుబడి బంట్రోతులు, బోయలు, చెంచులు ఉన్నారు. కొండ, వాగు, పొద వాళ్లకు సొంత ఇల్లు. అలాంటి చోట వరుస కట్టి బాయ్‌నెట్ చాచుకుని నడిచే సైన్యానికి పని సాగదు. చెదురుగా వెళ్లాలి. చెదురుగా వెళ్తే కత్తి అడ్డం. కత్తి తీసేస్తే పొదల్లోంచి బల్లెం, కత్తి పట్టుకుని మీదకు దూకేవాణ్ణి ఆపడానికి ఒక్క గుండే దిక్కు.

ఇంకో చేదు నిజం కూడా ఉంది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న సైన్యం తెలుగు పల్లెల మీదకే వచ్చింది. సినిమాలో ఎర్ర కోటు అంటే పరాయివాడు. నేల మీద మాత్రం ఆ కోటు లోపల ఉన్నవాడు పక్క జిల్లా రైతు కొడుకూ కావచ్చు. జీతం కోసం చేరినవాడు కావచ్చు. తుపాకీకి కత్తి తగిలించమనే ఆర్డర్ అతనికి ఇంగ్లిష్‌లో వచ్చేది. ఎదుటివాడి అరుపు మాత్రం తెలుగులో వినిపించేది.

బాయ్‌నెట్‌తో ఎంతమంది చనిపోయారు?

సినిమాల్లో బాయ్‌నెట్ పోట్లు ఎక్కువ. నిజం యుద్ధంలో అంత లేదు. నెపోలియన్ సైన్యంలో పేరున్న సర్జన్ డొమినిక్ లారే.. చాలా దగ్గరగా జరిగిన ఒక పోరులో గాయాలను లెక్కపెడితే తుపాకీ గుళ్ల గాయాలు 119, బాయ్‌నెట్ గాయాలు 5 మాత్రమే తేలాయి.

అలాగని బాయ్‌నెట్ పనికిరాలేదని కాదు. చాలాసార్లు పోటు పడకముందే ఎదుటివాడు పారిపోయేవాడు. వరుసగా మొనలు చాచి అరుస్తూ వచ్చే దళాన్ని చూస్తే గుండె జారుతుంది. బాయ్‌నెట్ ఎక్కువగా పనిచేసింది భయం మీదే. చాటున ఒంటరిగా ఉండే స్కిర్మిషర్‌కు ఆ భయం పుట్టించే గుంపు లేదు. కాబట్టి అతనికి కత్తి కంటే గురే ముఖ్యం.

ఇకపై వీడియో చూసేటప్పుడు ఇలా పట్టేయండి

యుద్ధం సీన్ నమ్మదగ్గట్టు తీశారో లేదో తెలుసుకోవాలంటే ఈ నాలుగూ గమనిస్తే చాలు.

ఒకటి.. సైనికులు వరుసలో ఉన్నారా, చెదురుగా ఉన్నారా? వరుసలో ఉంటే బాయ్‌నెట్ ఉండటం కరెక్టే. పొదల చాటు నుంచి ఒక్కొక్కడూ గురి చూస్తున్నా అందరికీ బాయ్‌నెట్ ఉంటే, అది ఎక్కువగా లుక్ కోసం పెట్టిందే.

రెండు.. నడుముకు ఖాళీ ఒర ఉందా? బాయ్‌నెట్ తీసినవాడి నడుముకు అది ఒరలో కనిపించాలి. తుపాకీకీ లేక, నడుముకూ లేకపోతే ఆ సైనికుడు కత్తి ఇంట్లో మర్చిపోయి వచ్చినట్టే!

మూడు.. కాల్చాక ఏం చేస్తున్నారు? మళ్లీ నింపకుండానే రెండోసారి, మూడోసారి కాలిస్తే అది పక్కా సినిమా. ఇద్దరిద్దరుగా ఉండి, ఒకరు నింపుతుంటే రెండోవాడు కాపు కాస్తుంటే మాత్రం డైరెక్టర్ హోంవర్క్ చేశాడని అర్థం.

నాలుగు.. గుర్రాలు వచ్చినప్పుడు ఏం జరిగింది? చెదురుగా ఉన్నవాళ్లు గుంపు కట్టారా, మొనలు బయటకు పెట్టారా? అలా చేస్తే నిజానికి దగ్గరగా ఉన్నట్టు. ఒక్కడే నిలబడి దౌడు తీసే గుర్రాన్ని ఆపేస్తే.. విజిల్ వేయొచ్చు గానీ చరిత్ర అనుకోవద్దు.

ఒక్క మాటలో చెప్పాలంటే..

నెపోలియన్ కాలం స్కిర్మిషర్లు కాల్చేటప్పుడు చాలావరకు బాయ్‌నెట్ తీసేసేవాళ్లు. గురి, మందు నింపే వేగం, చాటు.. ఈ మూడింటి కోసం. గుర్రం వచ్చినా, కోట ఎక్కాల్సి వచ్చినా, ఫిరంగి మీదకు వెళ్లాల్సి వచ్చినా, తిరిగి వరుసలో చేరినా వెంటనే తగిలించేవాళ్లు. సైన్యాన్ని బట్టి, ఆఫీసర్‌ను బట్టి, నేలను బట్టి ఇది మారేది.

రిపబ్లిక్ డే పరేడ్‌లో రైఫిల్ చివర మెరిసే బాయ్‌నెట్ ఇప్పటికీ మనకు దర్పంగా కనిపిస్తుంది. కానీ రెండు వందల ఏళ్ల కిందట ముందు వరుస దాటి ఒంటరిగా వెళ్లిన సిపాయికి అది దర్పం కాదు. ఇప్పుడు తగిలించాలా, ఇంకో గుండు కాల్చాలా అని క్షణంలో తేల్చుకోవాల్సిన లెక్క. ఆ లెక్క తప్పినవాళ్లలో మన ఊళ్ల నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు.